నురుగులోని నత్రజని

హౌరా స్టేషనునుండి బర్ద్వాను వైపు పోవు ప్రధానమార్గమున మొట్టమొదట తగులు లిలువాలో, 1900వ సంవత్సరమునుండి రైలుపెట్టెలను బాగుచేయు పెద్ద కర్మాగారము కలదు. మరమ్మతు ముగించుకొని తిరిగి పట్టాలపైకి పోనున్న పెట్టెలకు బ్రేకుగొట్టము బిగించి, చదరపు సెంటీమీటరునకు 5 కిలోల ఒత్తిడితో గాలి నింపి, ఎచ్చటనైనను కారుచున్నదేమోయని పరీక్షించుట ఇట్టి కర్మాగారములలో నిత్యకృత్యము. ఆ గొట్టములో బిగిసియుండు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. రంగు లేక, వాసన లేక, రుచి లేక, దేనితోడను సులభముగా కలియక, తనపై మోపిన ఒత్తిడిని నమ్మకముగా మోయుటయే తన ధర్మమన్నట్లుండు వాయువది. ఇంచుమించు అందులో సగము ఒత్తిడితో ఆ నత్రజనినే బీరుపీపాలోనికి పంపి, ఆ బలముతో బీరును సన్నని రంధ్రములగుండా గ్లాసులోనికి నెట్టి వడ్డించెడి పద్ధతి యొకటి అరువది ఏండ్లకు పైగా పాశ్చాత్యదేశములలో వాడుకలో నున్నది. ఇంతటి నిష్క్రియమైన వాయువు త్రాగువారి అభిప్రాయములను ఇంత గట్టిగా రెండుగా చీల్చుట రసాయనశాస్త్రమును ఇష్టపడు వారెవ్వరికైనను విచారణీయమైన విషయము.

ఆ బీరును మెచ్చువారు అది నోట మీగడవలె జారిపోవుననియు, చివరి గుటకవరకు నురుగు చెదరదనియు, నాలుకను గాని కడుపును గాని బాధింపదనియు చెప్పుదురు. మెచ్చనివారు ఒక్కమాటతో దానిని త్రోసివేయుదురు: "చప్పబడిపోయినది, గ్యాసే లేదు." గత పది పదునైదేండ్లలో హైదరాబాదులోను కలకత్తాలోను బీరును అక్కడికక్కడే కాచి పోయు శాలలు వెలసినవి, డబ్లిను, లండను నగరములలో ఉద్యోగములు చేయు మన తెలుగు యువకులు సెలవులకు వచ్చినప్పుడు ఈ వాదమును గూడ వెంటదెచ్చుచున్నారు. ఈ ఇరుపక్షములవారును సత్యమే చెప్పుచున్నారని నా నమ్మకము. ఒకరు మెచ్చుకొనునదియు, మరియొకరు ఏవగించుకొనునదియు ఒకే భౌతికకారణమునుండి పుట్టినవి. ఆ కారణము నత్రజనియొక్క రుచి గాదు, దానికి చోటిచ్చి తాను తగ్గిపోయిన మరియొక వాయువుయొక్క లేమి.

ఆ రెండవ వాయువు బొగ్గుపులుసు వాయువు. పులియుట యనుచోటనెల్ల అది పుట్టును. కల్లుముంతలో పొంగునదియు, బీరుతొట్టిలో పొంగునదియు అదియే. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంగ్లండులోని లీడ్సు నగరమున ఒక బీరు కార్ఖానా ప్రక్కన కాపురముండి, పులియుచున్న తొట్లపై నిలిచియుండు ఆ వాయువును నీటిలో కరగించి, మొట్టమొదటి సోడానీటిని చేసినాడు. ఆ వాయువును అంతకు పూర్వమే వేరుచేసి పరిశీలించిన జోసెఫ్ బ్లాకు, గాలిలో ప్రాణవాయువు తీరిపోయిన పిదప మిగులు శేషమేమో చూడుమని తన శిష్యుడగు డేనియల్ రూథర్‌ఫర్డునకు అప్పగింపగా, అతడు 1772లో ఎడింబరోలో నత్రజనిని గుర్తించెను. అనగా ఒకటి బీరుతొట్టి ప్రక్కన పెరిగినది, రెండవది తొట్టిలో ఎన్నడును పుట్టనిది. నత్రజని బీరునకు పరాయి వాయువు.

ఇక వాటి స్వభావభేదము. 1803లో మాంచెస్టరునకు చెందిన విలియం హెన్రీ, ద్రవముపై ఒక వాయువు ఎంత ఒత్తిడితో నిలిచియుండునో దానికి తగిన పాళ్లలోనే అది ఆ ద్రవమున కరగునని స్థాపించినాడు. గోలీసోడాను చూచినవారికి ఇది క్రొత్త సంగతి గాదు: గోలీని లోనికి నొక్కినంతనే ఒత్తిడి సడలును, కరగియున్న వాయువు కీచుమని పైకి వచ్చును, మిగిలినది ముక్కునకెక్కును. కాని అన్ని వాయువులును నీటితో ఒకేవిధముగా చెలిమి చేయవు. 25 డిగ్రీల వేడిలో, సాధారణ వాతావరణపీడనమున, లీటరు నీటిలో బొగ్గుపులుసు వాయువు దాదాపు 1.5 గ్రాములు కరగును. నత్రజనియో, 17 మిల్లీగ్రాములు మాత్రమే. ఈ అంకెను మనసున నుంచుకొనినచో తక్కిన కథయంతయు దానినుండియే వెలువడును. సాధారణముగా సీసాలలో వచ్చు లాగరు బీరునందు లీటరునకు ఇంచుమించు 5 గ్రాముల బొగ్గుపులుసు వాయువుండగా, నత్రజనితో వడ్డించెడి నల్లని స్టౌటు బీరులో అది 2 గ్రాములకు కొంచెము పైగా నుండును. పేరునకు కారణమైన నత్రజని మాత్రము లీటరునకు 20 మొదలు 50 మిల్లీగ్రాములు దాటదు. నత్రజని బీరు అనుచున్నాముగాని, అందు కరగియున్నదానిలో బరువునుబట్టి చూచిన నత్రజని నలువదిలో ఒక పాలైన లేదు.

మరి అంత స్వల్పమైనదానిని అంత ఒత్తిడితో పంపుట యెందులకు? ఇందులో ఒక చక్కని యుక్తి యున్నది. సన్నని నురుగు కావలెనన్న బీరును మిక్కిలి సన్నని రంధ్రములగుండా బలముగా నెట్టవలెను. బలముగా నెట్టుటకు పీపాలో అధికపీడనము కావలెను. ఆ పీడనమును బొగ్గుపులుసు వాయువుతోనే కలిగించినచో, హెన్రీ సూత్రముప్రకారము అది అదేపనిగా బీరులో కరగి, గ్లాసులో పోసినది బీరుగాక వట్టి నురుగే యగును. అందుచేత మూడుపాళ్లు నత్రజనియు ఒకపాలు బొగ్గుపులుసు వాయువును గల మిశ్రమమును వాడుదురు. పీపాలోని మొత్తము పీడనము 3.4 వాతావరణములనుకొందము, అందు బొగ్గుపులుసు వాయువు వంతు 0.85 మాత్రమే, శీతలమైన బీరు ఆ వంతునుబట్టియే దానిని పట్టియుంచును. మిగిలిన 2.55 వాతావరణముల భారమును, కరగుటకు ఇష్టపడని నత్రజని వహించును. ఒత్తిడి తనది, కరగుట మరియొకదానిది. లిలువాలో బ్రేకుగొట్టమునందు నత్రజని చేయు పనియు ఇదియే.

శీతలమైన బీరు అంటిని. మన దేశపు వేసవిలో ఈ విశేషణము చాల ముఖ్యము. సాధారణముగా వాయువు వేడినీటిలోకంటె చన్నీటిలో అధికముగా కరగును; 5 డిగ్రీల నీటిలో పట్టు బొగ్గుపులుసు వాయువులో సగమైనను 30 డిగ్రీల నీటిలో పట్టదు. పద్దెనిమిదవ శతాబ్ది చివరలో లండను తూర్పున బో అనుచోట హాడ్సను కార్ఖానాలో కాచిన లేతరంగు బీరు, ఈస్టిండియా కంపెనీ ఓడలలో గుడ్‌హోపు అగ్రమును చుట్టి, నెలల తరబడి సముద్రముపై నూగి కలకత్తా రేవునకు చేరెడిది. హాప్సుపూలు దండిగా వేసి కాచినందున పాడుగాకుండ నిలిచిన ఆ బీరే పిమ్మట ఇండియా పేరు తగిలించుకొని లోకమంతట ప్రసిద్ధమైనది. కాని అది ఇచ్చట త్రాగు వేళకు ఎంత వేడిగా నుండెనో ఊహింపవచ్చును. 1833లో బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు పంపిన టస్కనీ యను ఓడ, బయలుదేరునపుడు 180 టన్నుల మంచుగడ్డను నింపుకొని, నాలుగునెలల ప్రయాణము తరువాత 100 టన్నుల మంచుతో హుగ్లీ నదిలో లంగరు వేసిననాడు కలకత్తాలోని ఇంగ్లీషువారు పండుగ చేసికొన్నారు. నురుగును గూర్చిన శాస్త్రమంతయు ఆ మంచుగడ్డ తరువాతి మాటయే. నత్రజనితో వడ్డించు బీరు 5, 6 డిగ్రీలలో నుంచని యెడల ఎంతటి యంత్రమును దానిని కాపాడజాలదు.

ఈ పద్ధతి పుట్టినది డబ్లినులో. ఆర్థరు గిన్నెస్ 1759లో సెయింట్ జేమ్సు గేటు వద్ద 9,000 సంవత్సరములకు కౌలు పుచ్చుకొని స్థాపించిన కార్ఖానా రెండువందల ఏండ్ల ఉత్సవము జరుపుకొను కాలమునకు, అచ్చట మైకేల్ యాష్ అను వ్యక్తి పనిచేయుచుండెను. అతడు కేంబ్రిడ్జిలో గణితము చదివినవాడు. అంతకు పూర్వము ఐర్లండు పానశాలలలో ఈ స్టౌటును రెండు పీపాలనుండి పోసెడివారు: పొంగుచున్న క్రొత్త పీపానుండి కొంత, పొంగు చల్లారిన పాత పీపానుండి కొంత, పైకివచ్చిన నురుగును చెక్కబద్దతో గీసి, మరల పోసి, మరల గీసి, ఓపికయు అనుభవమును గలవాని చేతిలోనే అది సరిగా నిలిచెడిది. ఆ నేర్పరితనమును లోహపు పీపాలోనికి ఎక్కించుట యాష్ చేపట్టిన సమస్య. గాలిలో సమృద్ధిగా నున్నదియు, బీరుతో ఏమాత్రము కలహింపనిదియు నగు నత్రజనియే దానికి సమాధానమని అతడు గ్రహించినాడు. పీపాను రెండు గదులుగా విభజించి, ఒకదాన బీరును, రెండవదాన ఒత్తిడిగల వాయుమిశ్రమమును నింపిన మొదటి నమూనాలు 1959 ప్రాంతమున పానశాలలకు చేరినవి. కుళాయి మూతిలో ఐదు సన్నని చిల్లులుగల పలుచని బిళ్ల యొకటి యుండును. ఆ చిల్లులలో దూరి వచ్చునపుడు బీరుపై ఒత్తిడి హఠాత్తుగా పడిపోయి, కరగియున్న కొద్దిపాటి నత్రజనియు లక్షలాది సూక్ష్మబుడగలై విచ్చును.

ఇంట త్రాగువానికి కుళాయి లేదు. డబ్బాలో ఆ నురుగును ఎట్లు పుట్టించుట యను చిక్కు మరి ముప్పదియేండ్లు వేధించినది. 1980ల చివర బయటికి వచ్చిన సాధనము, డబ్బాలో వేసిన ఒక చిన్న బోలు ప్లాస్టికు గుళిక. డబ్బా మూయుటకు ముందు ఒక చుక్క ద్రవనత్రజనిని వేయుదురు. మూత బిగిసిన పిదప అది వాయువై ఒత్తిడి పెంచి, గుళికకుగల సూదిబెజ్జముద్వారా కొంత వాయువును బీరును లోనికి నెట్టును. డబ్బా తెరచిన క్షణమున బయట ఒత్తిడి పోవును, గుళికలోపల నిలిచియుండును. లోపలిది చిమ్మనగ్రోవివలె బెజ్జముగుండా బయటికి చిమ్మి, చుట్టునున్న బీరునందంతట బుడగలకు బీజము వేయును. ఖాళీ డబ్బాను ఊపినప్పుడు గలగలలాడునది ఆ గుళికయే. దీనికి 1991లో ఇంగ్లండు రాణి పేరిట సాంకేతికవిజయ పురస్కారము దక్కినది.

ఆ సన్ననిబుడగల ప్రవర్తన ఈ కథకెల్ల ప్రాణము. సాధారణ బీరులో బుడగ మిల్లీమీటరు ప్రమాణమునకు పెరిగి, సెకనుకు పది సెంటీమీటర్లకు పైగా పరుగెత్తి పైకి చేరును. నత్రజనిబుడగ మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే. అది బీరుయొక్క జిగురును గెలిచి పైకి పోవలెనన్న సెకనుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల వేగము మించదు. అందుచేతనే పోసిన గ్లాసు రెండు నిమిషములు మబ్బుపట్టినట్లుండి, అడుగునుండి మెల్లగా నలుపు తేరుచు, పైన తెల్లని పొర ఏర్పడును. ఆ రెండు నిమిషములలో గ్లాసు గోడవద్ద కన్నుంచి చూచినవారు ఒక వింతను కందురు: బుడగలు పైకి పోవుటకు మారు క్రిందికి దిగుచుండును. వాయువు ద్రవమున మునుగునా? ఇది దృష్టిభ్రమ యని చాలకాలము కొందరు వాదించిరి. 2004లో ఎడింబరో, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయముల రసాయనశాస్త్రజ్ఞులు వేగముగల కెమెరాతో చిత్రించి, బుడగలు నిజముగనే దిగుచున్నవని చూపిరి. 2012లో ఐర్లండులోని లిమరిక్ విశ్వవిద్యాలయ గణితజ్ఞులు కారణమును గ్లాసు ఆకృతిలో కనుగొన్నారు. గ్లాసు పైకి పోనుపోను వెడల్పగుచుండును, బుడగలు నిట్టనిలువుగా లేచును. కావున గోడప్రక్కన బుడగలు తగ్గిన పలుచని పొర మిగులును. బుడగలు తక్కువయగుటచే ఆ పొర బరువెక్కి దిగును. దిగుచు, తనలో చిక్కిన చిన్నిబుడగలను తనతో ఈడ్చుకొని పోవును. గ్లాసును తలక్రిందులైన ఆకృతిలో చేసిన యెడల ఈ ప్రవాహము తారుమారగునని కూడ వారు చూపిరి. 2019లో జపానులోని ఒసాకా పరిశోధకులు, దిగుచున్న ఆ పొర నునుపుగా దిగక అలలు అలలుగా ఏల దిగునో వివరించిరి: వాననీరు ఏటవాలు రోడ్డుపై మడతలు మడతలుగా పారుటకును దీనికిని మూలము ఒకే అస్థిరత. మద్యశాలలో పుట్టిన ప్రశ్నయని చులకన చేయక ఇందరు పండితులు దీనివెంట పడుట నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. ద్రవములో బుడగల గమనము రసాయనపరిశ్రమలకును, జలశుద్ధికేంద్రములకును అక్కరకువచ్చు విద్య.

పైకి చేరిన నురుగు చెదరకుండుటకు గూడ కరగుడుతనమే కారణము. చిన్నబుడగలోపలి ఒత్తిడి పెద్దబుడగలోపలి ఒత్తిడికంటె అధికము; అందుచేత చిన్నదానిలోని వాయువు మధ్యనున్న పలుచని ద్రవపుపొరలో కరగి పెద్దదానిలోనికి దాటిపోవును; చిన్నవి నశించి, పెద్దవి ఇంకను పెద్దవై పగులును. బొగ్గుపులుసు వాయువు సులభముగా కరగునది గనుక ఈ దాటుట త్వరత్వరగా జరుగును. నత్రజనికి ఆ పొర దాటరాని గోడ. అంతియే గాక, నురుగుపైన నున్న మన గాలిలో బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాళ్లు మాత్రమే యుండుటచే, నురుగులోని ఆ వాయువు బయటికి పరుగెత్తును. నత్రజనియో బయటను 78 పాళ్లున్నది, పరుగెత్తవలసిన తొందర దానికి లేదు. బుడగలగోడలకు బలమిచ్చునవి బార్లీనుండి వచ్చు మాంసకృత్తులును, హాప్సుపూల చేదుపదార్థములును. వాటికి బద్ధశత్రువు నూనె. సెనగపిండి పకోడి తిన్న పెదవి ఆనినచోట ఆ తెల్లనిపొర విచ్చి గుంటపడుటను, సరిగా తోమని గ్లాసులో నురుగు అంచునకంటక జారిపోవుటను ఎవరైనను చూడవచ్చును.

ఇక నాలుక సంగతి. సోడా చురుక్కుమనుట బుడగలు పగులుటవలన కలుగునని మనమెల్ల అనుకొందుము. అది నిజము గాదు. 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకలపై జరిపిన పరిశోధనలో, నాలుకపై పులుపును గ్రహించు కణములయందు ఒక ఎంజైము నిలిచియుండి, బొగ్గుపులుసు వాయువును నీటితో కలిపి ఆమ్లముగా మార్చుచున్నదనియు, ఆ కణములే సోడారుచిని మెదడునకు తెలుపుచున్నవనియు తేలినది. ఆ ఆమ్లమే నోటిలోని నొప్పినరములను గూడ రేపును. ఎత్తుకొండలెక్కు పర్వతారోహకులు వేసికొను ఎసిటజోలమైడు మాత్ర ఆ ఎంజైమును అణచును. మాత్ర వేసికొన్నవారికి బుడగలు కనబడుచున్నను బీరు చప్పగా తోచుట చాలకాలముగా తెలిసిన విషయమే. 2013లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రమువారు అధికపీడనపు గదిలో, బుడగలే పుట్టనిస్థితిలో సోడానీటిని మనుష్యులచే రుచిచూపించిరి. చురుకు ఏమాత్రము తగ్గలేదు. చురుకు బుడగది గాదు, ఆమ్లముది. నత్రజని నీటిలో ఏ ఆమ్లమును కలిగింపదు. కావున ఈ బీరులో సగమునకు పైగా తగ్గిన బొగ్గుపులుసు వాయువుతోపాటు పులుపును, చురుకును, చేదుయొక్క పదునును తగ్గిపోవును. సన్ననిబుడగల నురుగు నాలుకపై పరచుకొని మృదుత్వమును తెచ్చును. మెత్తదనమన్నవాడు ఉన్నదానిని గూర్చి చెప్పినాడు, చప్పదనమన్నవాడు లేనిదానిని గూర్చి చెప్పినాడు.

అయినను అన్ని బీరులకును ఈ పద్ధతి తగునని నేననను. పెద్దబుడగలు పగిలినప్పుడు సువాసనాణువులను ముక్కువైపునకు ఎగజిమ్మును; దట్టమైన సన్ననినురుగు వాటిని మూతవేసినట్లు అణచును. మాడ్చిన బార్లీతో చేసిన స్టౌటునకు కాఫీగింజలను దలపించు చేదును, కొంత సహజమైన పులుపును ఉండుటచే, దానిపై మరల బొగ్గుపులుసు వాయువు పులుపు పడకుండుటయే మేలు. నత్రజని దానికి నప్పినది. హాప్సుపూల పరిమళమే ప్రాణముగాగల లేతరంగు బీరునకు నత్రజని పట్టించుట, నా దృష్టిలో, మల్లెచెండును గుడ్డలో చుట్టి ఇచ్చుట. 1971లో ఏర్పడిన ఇంగ్లండు సంప్రదాయ బీరు పరిరక్షణ సంఘమువారు వాయువుతో నెట్టిన పీపాబీరును దీర్ఘకాలము ఎదిరించుటకు గూడ ఇట్టి కారణము కొంత కలదు: పీపాలోనే సహజముగా పులిసి, చేతిపంపుతో తోడిన బీరు ఊరికొక రుచిగా నుండగా, నత్రజని దానిని ఊరూర ఒకేరీతి మెత్తదనముగా చదునుచేయునని వారి ఆవేదన. ఆ ఆవేదన తీసివేయదగినది గాదు.

అభిప్రాయములను ఎట్లు తూచవలెను? దీనికి లిలువానుండి దూరము పోనక్కరలేదు. తరువాతి స్టేషను బేలూరు. అచ్చటికి గంగ ఆవలిగట్టున బరానగరములో, 1931లో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన భారతీయ గణాంకసంస్థ యున్నది. ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివి, 1941లో ఉద్యోగమునకై కలకత్తా వచ్చి, ఆ సంస్థలో చేరి, ప్రపంచము గౌరవించిన గణాంకశాస్త్రవేత్తయైన మన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఆ శాస్త్రమునకు మూలస్తంభములలో ఒకటి, చిత్రముగా, ఆ డబ్లిను బీరు కార్ఖానాలోనే వెలసినది. విలియం గాసెట్ అను రసాయనికుడు 1899లో అచ్చట ఉద్యోగమున చేరి, కొద్దిపాటి నమూనాలనుండి ఎంతవరకు నిశ్చయముగా చెప్పవచ్చునను సమస్యను సాధించి, 1908లో "స్టూడెంట్" అను మారుపేరుతో ప్రకటించినాడు. నేడు వైద్యపరిశోధనలలోను వ్యవసాయక్షేత్రములలోను వాడెడి టీ పరీక్ష అదియే. రుచిని పరీక్షించువారు సామాన్యముగా వాడునది మూడుగ్లాసుల పద్ధతి: రెండింట ఒకే బీరు, మూడవదాన వేరొకటి, వేరైనదానిని పోల్చుమందురు. ఊహించి చెప్పినను మూడింట ఒకవంతు ఒప్పగును గనుక, 12 మందిలో 4 గురు సరిగా చెప్పుట విశేషము గాదు. 8 మందియైనను చెప్పినప్పుడే భేదము నిజముగా తెలిసినదని ఒప్పుకొనవచ్చును. నత్రజని బీరు విషయమున గ్లాసును మూసి, నురుగు కంటబడనీయక పరీక్షించుట అవసరము. నురుగు చూచినవాని నాలుక తానుగా మీగడను తలచుకొనును. భేదమును పోల్చుట ఒకటి, దానిని కోరుకొనుట మరియొకటి. మొదటిదానికి లెక్క సమాధానమీయగలదు, రెండవదానికి ఎవరి నోరు వారిదే.

కాని ఒకచోట మాత్రము అభిప్రాయమునకు స్వేచ్ఛ లేదు. మెత్తగా నుండుటచే ఇది తేలికయైన పానీయమనియు, నల్లగా చిక్కగా నుండుటచే బలవర్ధకమనియు చెప్పుకొను మాటలు రెండును వినబడుచుండును. 1929 మొదలు ఆ డబ్లిను కార్ఖానావారే తమ బీరు ఒంటికి మంచిదని గోడలనిండ ప్రకటించుకొనిరి. పచ్చిబాలెంతలకు సైతము ఇచ్చిన కాలమొకటి గడచినది. ఇందలి ఇనుము లెక్కలోనికి వచ్చునది గాదు. 568 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 210 కెలోరీలున్నవి. అదే కొలత లాగరుకంటె కొంచెము తక్కువయే, చిక్కదనము కంటికి నాలుకకు మాత్రమే. మద్యసారము నూటికి 4 పాళ్లకు కొంచెము పైన. మన దేశమున స్ట్రాంగు పేరిట అమ్ముడుపోవు బీరులలో అది 8 పాళ్లవరకు నుండును. నత్రజని ఆ మద్యసారమును తగ్గింపదు, మార్చదు. మద్యపానము మనుష్యులలో క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1988లోనే తీర్మానించినది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణములకు ఎదురునిలిచినది ఏ రుచిని గూర్చియు గాదు, సంసారములను గూర్చి. నోటికి హాయిగా జారునది మరియొక గ్లాసునకు దారితీయుట సులభమని త్రాగువారు ముందుగా ఎరుగుట మంచిది. నత్రజనిని మాత్రము నిందింపరాదు: ఒక గ్లాసులో నుండు నత్రజని 25 మిల్లీలీటర్లు మించదు, మనము ఒక్క ఊపిరిలో పీల్చునది దాదాపు 400 మిల్లీలీటర్లు.

ఈ నత్రజని వాయువునకును, పార్టీలలో పొగలు క్రక్కుచు గ్లాసులో పోయు ద్రవనత్రజనికిని గల అంతరమును గూడ స్పష్టముగా చెప్పవలెను. రెండవది మైనస్ 196 డిగ్రీల ద్రవము. గదివేడిలో దాదాపు 700 రెట్లు వ్యాపించును. 2012లో ఇంగ్లండులోని లాంకాస్టరులో అట్టి పానీయమును పొగ ఆరకమునుపే మ్రింగిన పద్దెనిమిదేండ్ల బాలికకు ప్రాణరక్షణకై జీర్ణకోశమునే తీసివేయవలసివచ్చెను. 2017లో ఢిల్లీ పరిసరమున ఒకని కడుపున రంధ్రము పడగా, హర్యానా ప్రభుత్వము ఆహారపానీయములలో ద్రవనత్రజని వాడకమును నిషేధించినది. పీపాబీరు త్రాగువానికి ఈ భయము లేదు. భయమున్నది పీపాలుంచు నేలమాళిగలో పనిచేయు కుఱ్ఱవానికి. బొగ్గుపులుసు వాయువు కారిన యెడల ఊపిరి బరువెక్కి, రొమ్ము ఎగసిపడి, బయటికి పొమ్మని శరీరమే హెచ్చరించును. నత్రజని కారినప్పుడు అట్టి హెచ్చరికయేదియు రాదు. ప్రాణవాయువు తరిగిపోవుచున్నను ఊపిరి సుఖముగనే ఆడుచున్నట్లుండి, మనిషి తెలియకయే కూలును. అందుచేత సిలిండర్లు నిలువచేయు గదికి గాలి ఆడు కిటికీయును, ప్రాణవాయువు నూటికి 19.5 పాళ్లకు దిగినంతనే మ్రోగు యంత్రమును ఉండవలెను. అవి లేని శాలలో పీపా మార్చుటకు ఒక్కనిని ఒంటరిగా పంపరాదు.